తాతల ఊరు ఎక్కడ? ముంబయి తెలుగు పిల్లల వెతుకులాట

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి వెళ్లి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల పనికి ఒప్పందం మీద వెళ్లిన కూలీలు అందులో ఉన్నారు. నాటాల్‌కు అలా వెళ్లిన ప్రతి మనిషికీ ఒక నంబరు వేశారు. ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఆ చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. మారిషస్‌లో మోకా ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా ఇలాంటి వలస రికార్డులను భద్రపరిచారు. అక్కడి తెలుగు పిల్లలు ముత్తాత నంబరు పట్టుకుని వెళ్తే ఆయన బయల్దేరిన ఊరు దొరికే అవకాశం ఉంది.

ఆ కాలంలోనే పాలమూరు నుంచో ఎలగందుల నుంచో కాలినడకన బొంబాయి వచ్చిన తాపీమేస్త్రీ పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు. ఓడ ఎక్కిన కూలీని తోట యజమానికి లెక్కప్రకారం అప్పజెప్పాలి కాబట్టి అతని పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టారు. బొంబాయి వచ్చినవాడు సద్దిమూట కట్టుకుని తన ఊరివాళ్ల వెంట వచ్చాడు. అతని గురించి ఎవరూ ఎవరికీ లెక్క చెప్పే పని పడలేదు. అందుకే సముద్రం దాటినవాళ్ల మునిమనవల కంటే, నేల మీద నడిచి వచ్చినవాళ్ల మునిమనవలకే ఇవాళ తమ ఊరు కనుక్కోవడం కష్టంగా ఉంది.

ధారావి, కామాఠిపురా, వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో (వరస గదుల ఇళ్లలో) పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థులకు ఈ వెతుకులాట ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. కాలేజీలో కుటుంబ చరిత్ర మీద ప్రాజెక్టు ఇస్తారు. కులం సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో మూల గ్రామం అడుగుతారు. ఏమీ లేకపోయినా, ముంబయిలో కొత్తవాళ్లు పేరు తర్వాత అడిగేది ‘గావ్’ ఏదనే. చాలామంది పిల్లలు ‘కరీంనగర్’ అనో ‘ఆంధ్రా’ అనో చెప్పి ఊరుకుంటారు. కరీంనగర్ జిల్లా పేరు. ఆంధ్రా అన్న మాట తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబానికి అసలే సరిపోదు. ఊరి పేరు ఈ పెద్ద పేర్ల కింద ఎక్కడో మరుగున పడి ఉంది. దాన్ని పైకి తీసే దారి గురించే ఈ వ్యాసం.

ముందు కామాఠిపురా గురించి ఒక మాట చెప్పాలి. ఆ పేరు వినగానే చాలామంది ముఖం మరోలా పెడతారు. అక్కడి తెలుగు పిల్లలు కాలేజీలో చిరునామా చెప్పడానికి జంకుతారు. ఆ జంకు అవసరం లేదు. ఆ పేట పేరు కష్టం చేసుకుని బతికిన మన మనుషుల పేరు. ఏడు దీవులుగా ఉన్న బొంబాయిలో సముద్రపు పోటు నీళ్లు లోపలికి రాకుండా 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేశారు. దాంతో లోపలి పల్లపు భూములు ఆరాయి. నిజాం రాజ్యం నుంచి మట్టిపనికీ రాతిపనికీ తాపీపనికీ వచ్చిన కామాఠీలు ఆ నేలల్లో గుడిసెలు వేసుకున్నారు. పేట వాళ్ల పేరుతోనే నిలిచిపోయింది. వాళ్లలోంచి పెద్ద గుత్తేదార్లు ఎదిగారు. జయా కరాడీ లింగూ, వెంకూ బాలోజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి బొంబాయి తెలుగు పెద్దలు జ్యోతిరావ్ ఫూలే సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచారు. 1888 మే 11న బొంబాయి మాండ్వీలో జరిగిన సభలో ఫూలేకి ‘మహాత్మ’ బిరుదు ఇచ్చిన రోజుల నాటికి ఈ నగరంలో తెలుగువాళ్లు కొత్తవాళ్లు కారు.

తర్వాతి అల మిల్లులది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు మగ్గం విడిచి మిల్లు సాంచాల దగ్గర పనికి చేరారు. కొందరు నేరుగా వచ్చారు. కొందరు సోలాపూర్‌లో ఒక తరం గడిపి వచ్చారు. మరికొందరు భివండీకి మళ్లారు. పాలమూరు లేబర్ కట్టడాల పనికి వస్తూనే ఉన్నారు. మీ కుటుంబం ఏ అలలో వచ్చిందో తేల్చుకుంటే వెతికే పని సగం తగ్గుతుంది. తాపీపని చేసిన ముత్తాతకూ, మిల్లులో బద్లీ కార్మికుడిగా (రానివాళ్ల బదులు పనికి) చేరిన తాతకూ దొరికే కాగితాలు వేరు.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబరు దాకా మన తాతలు బయల్దేరిన చోటు వేరే రాజ్యం. అక్కడ నిజాం నాణెం హాలీ సిక్కా నడిచేది, ఇక్కడ బ్రిటిష్ వాళ్ల కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానంగా ఉండేవి. చాళ్లలోని ముసలమ్మల నోట ‘కల్దారు’ అన్న మాట వినబడితే అది ఆ రెండు రాజ్యాల మధ్య బతికిన కుటుంబమని అర్థం. వచ్చిన దారి కూడా ఆనవాలే. వాడి, సికింద్రాబాద్ మధ్య రైలు 1874లో మొదలైంది. నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే లైను 1900 ప్రాంతంలో వచ్చింది. ‘వాడిలో బండి మారినం’ అన్న తాత పాలమూరు వైపు మనిషి అయ్యే వీలు ఎక్కువ. ‘మన్మాడ్’ అంటే నిజామాబాద్, కరీంనగర్ వైపు చూడాలి.

ఇప్పుడు అసలు పని. విద్యార్థులు మొదట ఇంటర్నెట్‌లో ఇంటిపేరు కొట్టి చూస్తారు, లేదంటే లైబ్రరీకి వెళ్తారు. ఎస్.ఎం. ఎడ్వర్డ్స్ సంకలనం చేసిన 1909 బొంబాయి గెజిటీర్‌లో కామాఠీల ప్రస్తావన ఉంది. నిజాం రాజ్యపు కులాల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వేసిన పుస్తకం ఉంది. అవి చదవాలి కూడా. కానీ వాటిలో ఉండేది సమూహం, మీ ముత్తాత కాదు. జనగణనలో ఇంటింటికీ నింపిన ఫారాలు చట్టప్రకారం రహస్యం, ఎవరికీ చూపరు. అందుకని పుస్తకాల కంటే ముందు ఇంట్లో ఉన్న పెద్దావిడ దగ్గర కూర్చోవాలి. నా దృష్టిలో ఈ వెతుకులాటకు ఆమె కంటే పెద్ద ఆధారం ఏదీ లేదు.

పెద్దావిడ అని ఊరికే అనడం లేదు. బొంబాయి వచ్చిన మగవాళ్లు చాలా ఏళ్లు ఖోలీల్లో (గదుల్లో) గుంపులుగా ఉన్నారు, భార్యాపిల్లలు ఊళ్లోనే ఉన్నారు. ఊరితో తెగకుండా ఉన్నది ఆడవాళ్లే. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లిందీ, పంట కోతకు వెళ్లిందీ, బోనం ఎత్తిందీ వాళ్లే. తాత ‘మాది జగిత్యాల దిక్కు’ అని ఆపేస్తే, అమ్మమ్మ బస్సు దిగి ఎన్ని వాగులు దాటాలో చెబుతుంది. ‘మన ఊరి పేరేంది?’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకూడదు. అంగడి ఏ ఊళ్లో, ఏ వారం జరిగేది? చెరువు ఊరికి ఏ దిక్కున ఉండేది? పక్క ఊరు ఏది? దొర ఎవరు? జాతరకు ఎక్కడికి పోయేవాళ్లు, వేములవాడకా, కొమురవెల్లికా, కొండగట్టుకా, మేడారానికా? ఇలవేల్పు ఎవరు? అత్తగారి ఊరు, అమ్మగారి ఊరు రెండూ విడివిడిగా అడిగి రాసుకోవాలి. తెలంగాణలో కొత్తపల్లి అన్న పేరుతో ఊళ్లు ఎన్నో ఉన్నాయి. అంగడి ఊరు, పక్క ఊరు తెలిస్తేనే వాటిలో మీ కొత్తపల్లి ఏదో తేలుతుంది.

అమ్మమ్మ మాట అయ్యాక ట్రంకు పెట్టె. అందులో అన్నిటికంటే పనికొచ్చేది స్కూలు దాఖలా, అంటే లీవింగ్ సర్టిఫికెట్. మహారాష్ట్ర స్కూళ్లు ఇచ్చే దాఖలాలో జన్మస్థలానికి ఒక గడి ఉంటుంది. తాలూకా, జిల్లా కూడా రాస్తారు. ఇక్కడ ఒక చిన్న కిటుకు. ఇంట్లో అందరికంటే పెద్ద సంతానం దాఖలా వెతకండి. తొలి కాన్పు తల్లి పుట్టింట జరిగేది కాబట్టి పెద్ద కొడుకు దాఖలాలో ఊరి పేరు ఉండి, తమ్ముళ్ల దాఖలాల్లో ‘ముంబయి’ అని ఉండవచ్చు. అయితే ఆ ఊరు అమ్మగారి ఊరు కావచ్చు, అడిగి సరిచూసుకోండి. మీ నాన్న దాఖలాలో ఏమీ దొరకలేదని ఆగిపోకుండా పెదనాన్నది, పెద్దత్తది అడగండి. కాగితం పోతే, చదివిన స్కూలు పేరు, సంవత్సరం చెప్పి జనరల్ రిజిస్టర్ నుంచి నకలు కోరవచ్చు. ముంబయి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బళ్లు కూడా నడుపుతోంది కాబట్టి చాలా కుటుంబాలకు ఆ రిజిస్టర్లలో ఆనవాలు ఉంటుంది.

ఆ గడిలో రాసింది ఎలా చదవాలో కూడా తెలియాలి. తండ్రి నోటితో చెప్పిన తెలుగు ఊరి పేరును మరాఠీ గుమస్తా తన చెవికి పట్టినట్టు దేవనాగరిలో రాసుకున్నాడు. తర్వాత దాన్ని ఆధార్ కోసం ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కించారు. రెండు చేతులు మారేసరికి సిరిసిల్ల ‘సిర్సిలా’ అవుతుంది, పేట ‘పేఠ్’ అవుతుంది, చిన్న పల్లెల పేర్లయితే గుర్తుపట్టలేనంతగా మారతాయి. అక్షరాలు పట్టుకుని మ్యాపులో వెతికితే దొరకదు. ఆ పేరును పెద్దవాళ్లకు పైకి చదివి వినిపించండి. కంటికి అందనిది వాళ్ల చెవికి అందుతుంది. ఇంటిపేర్లకూ ఇదే గతి పట్టింది. చివర ఉన్న ‘వారు’ మరాఠీ నోట ‘వార్’ అయింది. కొన్ని కుటుంబాల్లో కులం పేరే ఇంటిపేరుగా రికార్డుకెక్కింది. ఊళ్లో మిమ్మల్ని ఎవరింటివాళ్లంటారో, ఆ పేరు ఇంకొకటి ఉందేమో అడగాలి.

పాత నిజాం కాగితం ఏదైనా బయటపడితే, అది చాలావరకు ఉర్దూలో ఉంటుంది, దాని మీద సంవత్సరం ఫస్లీ అనే నిజాం కాలపు లెక్కలో ఉంటుంది. భయపడాల్సింది లేదు. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1352 ఫస్లీ అంటే 1942-43. ఆజూర్, దై, బహ్మన్ అని కనబడేవి నెలల పేర్లు. ఉర్దూ చదివేవాళ్లు కామాఠిపురా పక్కనే నాగ్‌పాడాలో కావలసినంతమంది ఉన్నారు.

జిల్లా పేరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఊరు కదలకపోయినా దాని చిరునామా పదేపదే మారింది. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ అయింది, ఇందూరు నిజామాబాద్ అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో నారాయణపేట, ములుగు చేరి 33 అయ్యాయి. తాత కాగితంలో ‘కరీంనగర్ జిల్లా’ అని ఉన్న ఊరు నేడు జగిత్యాలలో ఉండొచ్చు, పెద్దపల్లిలో ఉండొచ్చు, రాజన్న సిరిసిల్లలో ఉండొచ్చు, సిద్దిపేటలో కూడా ఉండొచ్చు. ‘మహబూబ్‌నగర్’, అంటే పాలమూరు, నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట విడిపోయాయి. పాత తాలూకా పేరు తెలిస్తే దాన్నిబట్టి నేటి మండలాన్ని పట్టుకోవచ్చు.

కొన్ని ఊళ్లు చిరునామాతో పాటు నేలను కూడా పోగొట్టుకున్నాయి. శ్రీశైలం జలాశయం కింద 1981 నాటికి పాలమూరు, కర్నూలు జిల్లాల్లో కృష్ణ ఒడ్డు పల్లెలు మునిగాయి. మధ్య మానేరు కింద వేములవాడ, సిరిసిల్ల వైపు చీర్లవంచ, కొడుముంజ, వరదవెల్లి వంటి ఊళ్లు పోయాయి. అలాంటి ఊరివాళ్లు పునరావాస కాలనీల్లో అదే పేరుతో ఉంటున్నారు. ఊరు మునిగిందని విని వెతకడం మానుకోవద్దు. మనుషులు ఉన్నారు, నష్టపరిహారం కోసం తయారైన జాబితాలు ఉన్నాయి.

చదువుకున్న పిల్లలు పట్టించుకోని ఆధారం ఇంకొకటి ఉంది. మన కులాలకు కథ చెప్పేవాళ్లు ఉన్నారు. పద్మశాలీల ఇళ్లకు కూనపులి వాళ్లు చేర్యాల నకాశీ పటాలతో వచ్చి మార్కండేయ పురాణం చెబుతారు, గోత్రాలు చదువుతారు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు ఉన్నారు. ఏ కథకుల కుటుంబానికి ఏ ఊళ్ల మీద హక్కు ఉందో వాళ్లలో వాళ్లకు కట్టుబాటు ఉంటుంది. మీ తాతల కాలంలో మీ ఇంటికి ఎవరు వచ్చేవారో తెలిస్తే, ఏ ఊళ్ల చుట్టూ వెతకాలో కూడా తెలుస్తుంది. వాళ్లు చెప్పే పురాణాన్ని చరిత్రగా రాసుకోకండి. వాళ్లు తిరిగిన ఊళ్ల వరస మాత్రం రాసుకోండి.

సర్టిఫికెట్ కోసం వెతికేవాళ్లు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. మహారాష్ట్రలో రిజర్వేషన్ లబ్ధికి కుటుంబం ఒక తేదీకి ముందే ఈ రాష్ట్రంలో స్థిరపడి ఉండాలి. షెడ్యూల్డ్ కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డ్ తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త జాతులకూ సంచార తెగలకూ 1961 నవంబరు 21, ఓబీసీలకూ ప్రత్యేక వెనుకబడిన వర్గాలకూ 1967 అక్టోబరు 13. ఈ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక తెలుగు విద్యార్థి కథ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్న వర్గానికి చెందిన మర్రి చంద్రశేఖరరావు, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి వచ్చి సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో సీటు కోరాడు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం, ఒక రాష్ట్రంలోని కులం లేదా తెగ హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని తీర్పు చెప్పింది. కాబట్టి ముంబయి విద్యార్థికి రెండు రకాల రుజువు కావాలి. ఊరు ఎక్కడో చూపించేది ఒకటి, ఆ ఊరు విడిచి ఇక్కడికి ఎప్పుడో వచ్చేశామని చూపించేది ఇంకొకటి. మీ వర్గానికి వర్తించే తేదీకి ముందు తాత చదివిన మున్సిపల్ బడి దాఖలా ఒక్కటే రెండు పనులూ చేయవచ్చు. అందుకే ఆ కాగితం అంత విలువైనది.

మిల్లు కుటుంబాలకు ఇంకో వసతి ఉంది. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ఇచ్చే మిల్లు కార్మికుల ఇళ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్నప్పుడు తాత టికెట్ నంబరు, ఇఎస్ఐ కార్డు, పీఎఫ్ కాగితాలు బయటికి తీసే ఉంటారు. వాటిలో ఊరి చిరునామా రాసినవి ఉన్నాయేమో చూడాలి.

ధారావి ఇళ్లలో కూడా ఇలాగే కాగితాలు బయటికి వచ్చాయి. పునరభివృద్ధి సర్వేలో 2000 జనవరి 1కి ముందు నుంచి ఉన్నామని చూపడానికి ప్రతి ఇంట్లో పాత కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు జాబితా, రసీదులు వెతికి తీశారు. కామాఠిపురా గల్లీలకు కూడా మ్హాడా పునరభివృద్ధి రానుంది. సర్వే మనిషికి కావలసింది తేదీ ఒక్కటే. పాత కాగితాల సంచిలో మిగిలినవి పనికిరావని ఇల్లు మారేటప్పుడు పారేస్తారు. ఊరి నుంచి వచ్చిన ఇన్‌లాండ్ లెటర్, పెళ్లి శుభలేఖ, మనియార్డర్ రసీదు, ఇవన్నీ సర్వేకి అక్కర్లేనివే, మీకు మాత్రం కావలసినవే. ఒక్క శుభలేఖలో రెండు వైపులా ఊళ్లు, మండలాలు, మేనమామల పేర్లు ఉంటాయి. ఇల్లు ఖాళీ చేసే లోపే ఆ సంచి మొత్తం ఫోటో తీసి పెట్టుకోవాలి. చాళు కూలితే పక్కింటి పెద్దమ్మ కూడా ఎక్కడో దూరపు సబర్బ్‌కు వెళ్లిపోతుంది. మీ తాత ఎవరితో కలిసి వచ్చాడో చెప్పగలిగింది ఆమే. ఒకే ఊరివాళ్లు ఒకే చాళులో ఖోలీలు తీసుకునేవారు కాబట్టి మీ ఇంట్లో దొరకని ఊరి పేరు పక్కింటి గోడ మీది దేవుడి పటం కింద దొరకవచ్చు.

ఊరు తేలిన తర్వాత వెళ్లడం కష్టం కాదు. కరీంనగర్, జగిత్యాల వైపు ముంబయి నుంచి బస్సులు నడుస్తున్నాయి. దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, కామారెడ్డి మీదుగా వెళ్తుంది.  ఊరు చేరాక వెతకవలసింది తహసీల్దారు ఆఫీసులోని పాత పహాణీలు, అంటే భూమి లెక్కల పుస్తకాలు. 1954-55 ఖాస్రా పహాణీ తెలంగాణలో భూమికి మూలమైన రికార్డు. సర్వే నంబరు, పట్టాదారు, సాగు చేస్తున్నవారి పేరు అందులో తండ్రి పేరుతో సహా ఉంటాయి. చాలా చోట్ల ఉర్దూలో రాసి ఉంటుంది. భూమి లేని కుటుంబాల పేర్లు అందులో దొరకవు. బొంబాయి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. వాళ్లు ఊరి బడి రిజిస్టరు, పాత ఓటరు జాబితా, కులపెద్దల జ్ఞాపకం మీద ఆధారపడాలి. ఊరి లెక్కలు రాసే వారసత్వపు పట్వారీలు 1980ల నడుమనే పోయారు, 2020లో గ్రామ రెవెన్యూ అధికారులు (వీఆర్వోలు) కూడా పోయారు. అయినా ప్రతి ఊళ్లో ఏ ఇల్లు ఎవరిదో చెప్పగలిగే ముసలి మనిషి ఒకరైనా ఉంటారు.

అక్కడికి వెళ్లే విద్యార్థికి చివరగా ఒక హెచ్చరిక. బొంబాయి నుంచి వచ్చిన మనవడు పహాణీ నకలు అడుగుతున్నాడని తెలిస్తే, ఊళ్లో ఉన్న దాయాదులు వాటా కోసం వచ్చాడని అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పు లేదు, ఆ భయానికి అక్కడ కారణాలు ఉన్నాయి. మొదటి రోజు భూమి మాట ఎత్తకండి. మీ తాత పేరు, ముత్తాత పేరు చెప్పి, ‘పెద్దనాయనా, మా వాళ్ల ఇల్లు ఎక్కడుండె?’ అని అడగండి. మీ దగ్గరున్న పాత ఫోటో చూపించండి. నేను పేర్లు రాసుకోవడానికి వచ్చాను, గుంట భూమి కూడా అడగను అని ముందే చెప్పండి. మాట కుదిరాక వంశం చెట్టు వాళ్ల చేతనే గీయించండి. మీకు తెలిసిన బొంబాయి కొమ్మను అదే కాగితం మీద మీరు వేసి, ఒక నకలు వాళ్ల ఇంట్లో వదిలి రండి.